పడకలు ఒకరివి, టబ్బులు ఒకరివి

నాకు సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చింది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే వస్తుందా రాదా అని మీరు గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవలసినంత మంచి సంగతి కాదది. మూడో ప్రయత్నంలో వచ్చింది. ఎలా వచ్చిందో విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి. తిట్లు నాకు కొత్త కాదు. మా అత్తయ్య దగ్గర పదకొండేళ్లుగా పడుతున్నాను.

ఇద్దరం ఒకే హోటల్లో పనిచేసేవాళ్లం. పన్నెండంతస్తుల హోటలు, వ్యాపారం మీద వచ్చేవాళ్లు రెండు మూడు రోజులుండి పోయే చోటు. అత్తయ్య అక్కడ ఇరవై ఆరేళ్లుగా గదులు సర్దుతోంది, పర్మనెంటు. నేను నాలుగేళ్లుగా అదే పని చేస్తున్నాను, కాంట్రాక్టు మీద. మనిషికి రోజుకి పద్నాలుగు గదులు, గదికి అరగంట. పడక మార్చాలి, టబ్బు తోమాలి, తువ్వాళ్లు పెట్టాలి, దుమ్ము తుడవాలి. చివర్న బల్ల మీద ‘మీ గదిని సర్దినవారు’ అని అచ్చేసిన చీటీ మీద సంతకం పెట్టి తలుపు లాగాలి. ఒకరి గదిలో ఇంకొకరు కాలు పెట్టకూడదు. ఎవరి గడియారమో ఉంగరమో పోతే ఎవరి మెడ పట్టుకోవాలో పైవాళ్లకి తెలియాలి కదా, అందుకని ఆ నియమం.

ఆ నెలాఖరుకి కాంట్రాక్టువాళ్లని అందర్నీ తీసేస్తున్నారని తెలిసింది. అదే సమయంలో సూపర్‌వైజరు పోస్టు ఒకటి ఖాళీ అయింది, లోపల పనిచేసేవాళ్లకే ఇస్తామన్నారు. అది దొరికితే నిలబడతాను, దొరక్కపోతే ఇంటికి. మా ఆయన లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే ఉంటాడు. ఇంటికి అంటే అత్తయ్య సంపాదన తింటూ, అత్తయ్య మాటలు పడుతూ, ఆ రెండు గదుల్లో కూర్చోవడమన్నమాట. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఇంకెక్కడికి వెళ్లినా వయసు దాటిపోయిందనే అంటున్నారు.

నోటీసు బోర్డు మీద పెట్టిన రోజున అత్తయ్య కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాళ్లకి వేడినీళ్ల సంచీ పెట్టుకుంటూ అంది:

“నీకు రాదు. రెండుసార్లు వెళ్లొచ్చావు. రెండుసార్లూ ఏం చెప్పావు? కష్టపడి పనిచేస్తానండీ అన్నావు. గాడిద కూడా కష్టపడుతుంది. దాన్ని తీసుకెళ్లి సూపర్‌వైజర్ని చేస్తారా?”

గిన్నెలు కొంచెం గట్టిగా తోమాను.

“గిన్నెల మీద చూపించకు కోపం. రేపట్నుంచి పొద్దున్నే అరగంట నా ముందు కూర్చో. నేను చెప్పినట్టు వింటే వస్తుంది.”

ఇది ఆవిడ ఊరికే అన్న మాట కాదు. మా హోటల్లో ఇంటర్వ్యూలన్నీ మూడో అంతస్తు మీటింగు గదిలోనే జరుగుతాయి. ఆ గదికి అద్దాల గోడ, దాన్ని తుడిచే పని ఎక్కువగా అత్తయ్యదే. లోపల ఇంటర్వ్యూ నడుస్తుంటే బయట అద్దం తుడిచే మనిషిని ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు. ఇరవై ఆరేళ్లలో ఆవిడ ఎన్ని ఇంటర్వ్యూలు విందో లెక్కలేదు. అందరూ వెళ్లిపోయాక చెత్తబుట్ట ఖాళీ చేయవలసింది కూడా ఆవిడే. అందులో పారేసిన ప్రశ్నల కాగితాలు, వాటి పక్కన పెన్నుతో వేసిన మార్కులు, ‘నత్తి’, ‘గర్వం’, ‘ఈమె వద్దు’ లాంటి రాతలు, అన్నీ ఇస్త్రీ చేసినంత శుభ్రంగా మడతపెట్టి రేకు డబ్బాలో దాచుకుంది. అందులో నా కాగితాలు కూడా రెండున్నాయి. ‘ఏమీ చెప్పదు’ అని ఒకదాని మీద, ‘మళ్లీ అదే’ అని రెండోదాని మీద రాసి ఉంది. ఇన్నాళ్లూ దాచి, ఆ రోజు బయటికి తీసి నా ముందు పెట్టింది. ఎంత నొప్పి పుట్టిందో చెప్పలేను. ఆవిడకి ఆ నొప్పి తెలుసు, తెలిసే పెట్టింది.

అలా మూడు వారాలు నడిచింది. పొద్దున్నే అయిదున్నరకి అత్తయ్య కుర్చీలో, నేను గుమ్మం బయట. తలుపు తట్టాలి, లోపలికి రావాలి, నమస్కారం చెప్పి కూర్చోమన్నాక కూర్చోవాలి. మొదటి వారమంతా ఆ గుమ్మం దాటి కుర్చీ దాకా రావడమే సరిపోయింది.

“దొంగతనానికొచ్చినట్టు ఆ నడకేంటి? మళ్లీ రా.”

మళ్లీ వచ్చేదాన్ని.

“చేతులు ఒళ్లో పెట్టుకోకు, అడుక్కోవడానికొచ్చావనుకుంటారు. మళ్లీ రా.”

ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు మారిపోయేది. నన్ను ‘మీరు’ అనేది. “మీ బలహీనత ఏమిటో చెప్పండి” అని అడిగేది. నాకేమీ తోచకపోతే మళ్లీ అత్తయ్య అయిపోయి, “నీ బలహీనతలు నన్నడుగు, సాయంత్రం దాకా చెబుతాను” అనేది. నవ్వొచ్చేది ఒక్కోసారి. ఇద్దరం నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆవిడ నేర్పిన వాటిలో రెండు ముఖ్యమైనవి. మొదటిది, తెలియని ప్రశ్న వస్తే వెంటనే నోరు తెరవకూడదు, మూడుసార్లు ఊపిరి పీల్చి వదలాలి. తొందరపడి వాగినవాళ్ల కాగితాల మీద మార్కులు లేవట. రెండోది, జవాబు ఎప్పుడూ నిజంగా జరిగిన సంగతై ఉండాలి.

“కల్పించి చెబితే పట్టేసుకుంటారు. ఎన్నో అంతస్తు, ఎన్ని గంటలకి, ఎవరున్నారు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఇవీ వాళ్లకి కావలసింది. ఈ కాగితాలన్నీ చూడు. నిజం చెప్పినవాళ్లకే ఎక్కువ మార్కులు పడ్డాయి. నిజం చెప్పు, గది నంబరుతో సహా చెప్పు.”

జట్టుగా పనిచేసిన సందర్భం చెప్పమని తప్పకుండా అడుగుతారు, ప్రతి కాగితంలోనూ ఆ ప్రశ్న ఉంది. దానికి అయిదో అంతస్తులో పైపు పగిలిన రోజు చెప్పాలని నిశ్చయించాం. ఆ రోజు ఆరుగురం వరసగా నిలబడి నలభై నిమిషాల్లో నీళ్లన్నీ ఎత్తిపోశాం. ఆ కథని గడియారం పెట్టుకుని రెండు నిమిషాలకి కుదించాం. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఇంటర్వ్యూ రోజున అత్తయ్య నా యూనిఫాం తనే ఇస్త్రీ చేసింది. కాలరు మడత మీద వేలు పెట్టి రెండుసార్లు నొక్కింది. “ఫర్వాలేదు, మనిషిలా ఉన్నావు” అంది. ఆవిడ నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

ఆ పూట అత్తయ్యకి ఏడో అంతస్తులోనే పని, అద్దం బయట ఎవరూ లేరు. లోపల ఇద్దరున్నారు. ఒకరు మా మేనేజరు. రెండో మనిషి పెద్దాఫీసు నుంచి వచ్చిన కళ్లజోడావిడ. మొదటి నాలుగు ప్రశ్నలూ మా రేకు డబ్బాలోవే. నీళ్లు తాగినంత సులువుగా చెప్పాను. కళ్లజోడావిడ తలాడిస్తూ రాసుకుంటోంది. అయిదోదిగా జట్టు ప్రశ్న వచ్చింది. గొంతు సవరించుకుని, “అయిదో అంతస్తులో పైపు పగిలిన రోజు” అని మొదలుపెట్టాను.

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

“పొద్దున్నుంచి ముగ్గురు చెప్పారండీ ఆ నీళ్ల కథ. ఒకరు నలభై నిమిషాలన్నారు, ఒకరు గంటన్నారు. ఇంకోటేదైనా చెప్పండి.”

మేనేజరు నవ్వాడు. అత్తయ్య చెత్తబుట్టలన్నీ గాలించింది కానీ, మా హోటల్లో జరిగిన గొప్ప సంగతి అందరికీ ఒక్కటేనని ఇద్దరికీ తట్టలేదు. మూడుసార్లు ఊపిరి పీల్చాను. నిజం చెప్పు, గది నంబరుతో సహా చెప్పు. నిజం ఒకటి ఉంది. చెప్పాను.

“మా ఏడో అంతస్తులో ఇద్దరు పాతవాళ్లున్నారండీ. ఒకామెకి మోకాళ్లు పోయాయి, వంగి టబ్బు తోమలేదు. కానీ పడక వేయడంలో ఆమెని మించినవాళ్లు ఈ హోటల్లో లేరు. దుప్పటి మీద నాణెం వేస్తే ఎగిరి పడుతుంది. రెండో ఆమెకి నడుం బలం ఉంది. అందుకని ఇద్దరూ పని మార్చుకున్నారు. ఇరవై ఎనిమిది పడకలూ ఒకరు వేస్తారు, ఇరవై ఎనిమిది టబ్బులూ ఇంకొకరు తోముతారు. మూడేళ్లుగా ఆ గదుల మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. మిగిలిన అంతస్తుల కంటే పావుగంట ముందే పని అయిపోతోంది. ఎవరూ చెప్పకుండా వాళ్లంతట వాళ్లే కుదుర్చుకున్నారు. జట్టంటే అదేనని నా ఉద్దేశం.”

మెచ్చుకుంటూనే చెప్పానని గమనించండి. ఇప్పటికీ ఆ ముక్క పట్టుకునే వేలాడుతున్నాను.

కళ్లజోడావిడ ముందుకి వంగింది. మొట్టమొదటిసారిగా నా ముఖంలోకి సూటిగా చూసింది.

“అంటే చీటీ మీద సంతకం ఒకరిది, పని ఇద్దరిదీనా?”

“అవునండీ.”

“ఒకరి గదిలోకి ఇంకొకరు వెళ్తున్నారా?”

“అవునండీ.”

“దానికి రుజువేమైనా ఉందా, లేక మీ ఊహా?”

ఆ ప్రశ్న నా అహంకారాన్ని గిల్లింది. ‘ఏమీ చెప్పదు’ అని రాసిన కాగితం గుర్తొచ్చింది. “తాళాల రికార్డు తీసి చూడండి. ప్రతి తలుపూ ఏ కార్డుతో ఎన్ని గంటలకి తెరిచారో కంప్యూటర్లో ఉంటుంది. ఒకే గదికి పది నిమిషాల తేడాలో రెండు కార్డులు కనబడతాయి” అన్నాను. మేనేజరు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఆ రికార్డు అలా కూడా చదవొచ్చని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

“మోకాళ్లు పోయిన ఆమె ఎవరు?” అంది కళ్లజోడావిడ.

మళ్లీ మూడుసార్లు ఊపిరి పీల్చాను. ఆ ఊపిరుల్లో ఏమనుకున్నానో మీకు చెప్పాలి. మొదటిసారి, పేరు చెప్పనంటే ఏమవుతుంది అనుకున్నాను. నా ముందు వచ్చిన ముగ్గురితో పాటు నాలుగోదాన్నవుతాను, అంతే. రెండోసారి, ఇంకా రెండేళ్లు గడిస్తే అత్తయ్యకి పింఛను అనుకున్నాను. మూడోసారి ఏమీ అనుకోలేదు. ఎదురుగా పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగి ఉంది, అది రాయాలని ఉంది నాకు. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. చెప్పాను.

“మీకు ఆమె ఏమవుతారు?” అన్నాడు మేనేజరు. ఇంటి చిరునామా ఒకటేనని ఆయనకి తెలుసు.

“మా అత్తగారండీ.”

కళ్లజోడావిడ మేనేజరు వంక చూసింది. తర్వాత నా కాగితం మీద చాలాసేపు రాసింది.

నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. అత్తయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెలుతురులోకి తీసుకెళ్లి చదివింది. ముక్కు ఎగబీల్చింది. పక్కింటివాళ్లని పిలిచి, ఎదురింటివాళ్లని పిలిచి, “మూడు వారాలు చావగొట్టాను, అప్పుడొచ్చింది దారికి” అని చెప్పింది. నన్ను దగ్గరికి తీసుకోలేదు కానీ, ఆ రాత్రి గిన్నెలు తనే తోమింది. పైపు కథ బాగా చెప్పావా అని అడిగింది. చెప్పానన్నాను.

సోమవారం నేను కొత్త కోటు వేసుకుని చేరాను. పది గంటలకి మేనేజరు నన్ను గదిలోకి పిలిచి కంప్యూటరు చూపించాడు. తాళాల రికార్డు ముద్రించి ఉంచాడు, మూడు నెలలది. అత్తయ్య కార్డు, కూనిరాగం కార్డు, ఒకదాని వెంట ఒకటి, ప్రతి గదికీ.

కూనిరాగం అంటే ఆ రెండో ఆమె, తనూ పర్మనెంటే. టబ్బు తోముతున్నంతసేపూ మాటల్లేని పాటేదో ముక్కుతో తీస్తూ ఉంటుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. పందొమ్మిదేళ్లుగా అత్తయ్య, ఆమె మధ్యాహ్నం దుప్పట్ల గదిలో ఒకే డబ్బాలోంచి తింటారు. అత్తయ్యని ‘అక్కా’ అంటుంది, నేనామెని ‘పిన్నీ’ అంటాను.

“ఇద్దరికీ పని పరీక్ష పెట్టాలి. ఒక్కో గది ఒక్కరే చెయ్యాలి, అరగంట. సూపర్‌వైజరు దగ్గరుండి రాయాలి. ముట్టుకోకూడదు, సాయం చెయ్యకూడదు” అన్నాడు మేనేజరు.

“వేరేవాళ్లని పెట్టొచ్చు కదండీ, మా అత్తగారు కదా” అన్నాను.

“అందుకే మిమ్మల్ని పెడుతున్నాను. ఇంటర్వ్యూలో అంత నిజాయితీగా మాట్లాడారని పెద్దాఫీసులో అందరూ మెచ్చుకున్నారు. అది మాటల్లోనేనా అని వాళ్లకి అనుమానం రాకూడదు.”

కూనిరాగం పరీక్ష ఇరవై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఆమె వేసిన పడక ఒక పక్క కాస్త జారింది, అంతే. గది చీటీల మీద తప్పుడు సంతకాలు పెట్టినందుకు హెచ్చరిక ఉత్తరంతో సరిపెట్టారు.

అత్తయ్యకి ఏడో అంతస్తు చివరి గది ఇచ్చారు. పడక తొమ్మిది నిమిషాల్లో వేసింది. ఆ దుప్పటి మీద ముడత అనేది లేదు. నా వంక చూసి కళ్లతోనే, రాసుకో, అంది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్లింది. మా టబ్బులు లోతైనవి, వెనక గోడ పలకలు తోమాలంటే లోపలికి దిగి మోకాళ్ల మీద కూర్చోవలసిందే. పొడుగు పిడి బ్రష్షు వాడితే గీతలు పడతాయని ఒప్పుకోరు. ఆవిడ కుళాయి పట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది, రెండోది పెట్టింది, ఊపిరి బిగబట్టి మెల్లగా దిగింది. దిగేటప్పుడు ఒక శబ్దం చేసింది. మనిషి నోట్లోంచి వచ్చిందో మోకాల్లోంచి వచ్చిందో తెలియలేదు.

తోమింది. పలకలన్నీ తోమింది, మూలల్లో వేలు పెట్టి మరీ తోమింది. పందొమ్మిది నిమిషాలయ్యాయి. ఇక లేవాలి.

లేవలేకపోయింది. కుళాయి పట్టుకుని ఒకసారి ప్రయత్నించింది, సబ్బు నీళ్లలో చెయ్యి జారింది. రెండోసారి టబ్బు అంచు పట్టుకుంది. నడుం సగం లేచి మళ్లీ కూలబడింది. మూడోసారి నా వైపు చూసి చెయ్యి చాపింది.

“అమ్మాయ్, కాస్త పట్టుకో.”

గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు. నా ఒక చేతిలో గడియారం, ఇంకో చేతిలో కాగితాల అట్ట. నేను కదల్లేదు. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంది. సబ్బు నురుగు మోచేతి మీదుగా కిందికి కారుతోంది. ఆ చేత్తోనే నా కాలరు ఇస్త్రీ చేసిందని తెలుసు, తెలిసి కూడా గడియారం వంకే చూశాను. ఆవిడకి అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత నన్ను అడగలేదు. పదకొండు నిమిషాలు ఆ తెల్ల టబ్బులో మోకాళ్ల మీద కూర్చుని ఉంది, ఎదుటి గోడ పలకలు చూస్తూ. అరగంట పూర్తయ్యాక మేనేజరు “సరే, లేపండి” అన్నాడు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపాం.

నేను రాసింది ఇది: ‘పని పూర్తి చేయలేదు. ముప్పై నిమిషాలు.’ కింద సంతకం పెట్టాను.

నెలాఖరుకి ఆవిడని తీసేశారు. తప్పుడు చీటీల మీద సంతకాలు పెట్టినందున అని రాశారు కాబట్టి పింఛను కూడా లేదు.

నన్ను తిడుతుందనుకున్నాను. వారం రోజులు ఆవిడ ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. ఆవిడ తిట్టలేదు. వారం దాటాక ఒక పొద్దున్న నా టీ గ్లాసు నా ముందు పెడుతూ, “నువ్వేం చేస్తావులే. నీ ఉద్యోగం అది. నేనైనా అలాగే నిలబడి ఉండేదాన్ని” అంది. తర్వాత, “చెప్పింది ఎవరో నాకు తెలుసు” అంది.

టీ గ్లాసు కింద పెట్టేశాను.

“కూనిరాగమే. ఇంకెవరు? మాకిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. నువ్వు ఇంట్లో మనిషివి, నువ్వు లెక్కలోకి రావు. నన్ను తీసేసి దాన్ని హెచ్చరికతో వదిలారంటే అర్థం కాలేదా? తన పీకల మీదకి వచ్చేలోపు తనే వెళ్లి వాగి ఉంటుంది. పందొమ్మిదేళ్లు పాముకి పాలు పోశాను.”

అప్పుడు చెప్పాల్సింది. నాకు తెలుసు. ఆ వాక్యం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ నా మీద జాలిపడి టీ ఇచ్చిన ఆ పొద్దున్న నాకు ఎంత హాయిగా ఉందో మీకెలా చెప్పను? పదకొండేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో నేను మంచిదాన్ని. “ఏమోనత్తయ్యా” అన్నాను. ఆ ఏమో చాలు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అప్పటిదాకా సామెతగానే తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం దుప్పట్ల గదిలో నేను లెక్క చూసుకుంటుంటే కూనిరాగం వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

“అక్క నా ఫోను తీయడం లేదు. నేనే చెప్పాననుకుంటోందా?”

నేను తువ్వాళ్లు లెక్కపెట్టడం ఆపలేదు.

“నాకు తెలుసమ్మా, నువ్వే చెప్పావని. పరీక్ష నాడు మేనేజరు నీతో మాట్లాడిన తీరులోనే తెలిసింది. నిన్ను తప్పు పట్టను. ఉద్యోగం కావాలంటే ఎవరైనా ఏదో ఒకటి పెట్టాలి, నీ దగ్గర అదుంది, అది పెట్టావు.” ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. బ్లీచింగు వాసన వేసే చెయ్యి. “అక్కకి మాత్రం నేను చెప్పను. నా మీద కోపమైతే తట్టుకుంటుంది. నీ మీదైతే ఆ ఇంట్లో ఎలా బతుకుతుంది? నేననే అనుకోనీ. నువ్వు బెంగపెట్టుకోకు.”

అలాంటి మాట అన్న మనిషి కాళ్ల మీద పడాలి ఎవరైనా. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇక మీదట ప్రతి పొద్దున్నా హాజరు పిలిచేటప్పుడు ఆ ముఖం నా ముందు నిలబడుతుంది, నన్ను క్షమిస్తూ. నేను తప్పు చూపించిన ప్రతిసారీ, సరేలే తల్లీ, అన్నట్టు చూస్తుంది. అత్తయ్య తిట్లు పదకొండేళ్లు భరించాను. ఆమె జాలిని పదకొండు రోజులు భరించలేకపోయాను.

ఇంట్లో అత్తయ్య కూడా ఊరుకోలేదు. మోకాళ్లు నొక్కుకుంటూ, “సూపర్‌వైజరువి కదా, దాన్నలా ఉండనిస్తావా? నా నోటి దగ్గర కూడు లాగేసిన మనిషి రోజూ నీ కళ్ల ముందు తిరుగుతుంటే నీకేమీ అనిపించదా?” అని రోజూ పొడిచేది. నేను అత్తయ్య కోసమే చేశానని చెబితే అందరూ నమ్ముతారు. మీరు నమ్మకండి.

హెచ్చరిక ఉత్తరం ఉన్న మనిషి మీద మూడు నెలల్లో రెండు లోపాలు పడితే చాలు, తీసేస్తారు. వెతికితే వెంట్రుక దొరకని గది ప్రపంచంలో లేదు. బుధవారం ఒక టబ్బు తూములో ఒక వెంట్రుక దొరికింది. శుక్రవారం ఒక తలుపు చట్రం పైన, స్టూలు ఎక్కి వేలు పెడితే, దుమ్ము దొరికింది. రెండూ రాసి సంతకం పెట్టాను. మేనేజరు అది చదివి, “మీరు ఎవర్నీ చూసీ చూడనట్టు వదలరండీ” అన్నాడు. పొగిడాడు.

కూనిరాగం తన కార్డు నా బల్ల మీద పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. ఏడో అంతస్తు ఆ సాయంత్రం నుంచి నిశ్శబ్దంగా ఉంది.

అత్తయ్యకి చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని, “నా కడుపు చల్లబడింది” అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఎంతో సేపు వదల్లేదు.

పది రోజుల తర్వాత, ఒక సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. నేనే తీశాను. కూనిరాగం. చేతిలో మోకాళ్లకి రాసుకునే తైలం సీసా ఉంది. “అక్కని ఒకసారి చూసి పోతాను” అంది.

అత్తయ్య గోడ పట్టుకుని లేచి వచ్చింది. నన్ను పక్కకి నెట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“సిగ్గు లేదూ నీకు? నా కాళ్లు విరగ్గొట్టి తైలం తెచ్చావా? నా పింఛను తినేసి ఏ ముఖం పెట్టుకుని వచ్చావే? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా కోడలు పట్టింది! విన్నావా? నా కోడలు పట్టింది!”

మెట్ల మీద ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. అత్తయ్య సీసా లాక్కుని విసిరేసింది. అది మెట్ల మీద పగిలి, తైలం ఒక్కో మెట్టూ దిగుతూ కారింది.

కూనిరాగం అత్తయ్య భుజం మీదుగా నా వైపు చూసింది. చెబుతుందని ఎదురుచూశాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో చెప్పెయ్యాలనే కోరుకున్నాను, మనసారా. ఒక్క మాట అంటే చాలు, అన్నీ అయిపోతాయి. ఆమెకి పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కదా, ఎందుకు దాచాలి?

ఆమె కళ్లు దించుకుంది. “వెళ్తానక్కా. మెట్లు జిడ్డుగా ఉన్నాయి, దిగకు” అంది. ఆ గాజు ముక్కల మధ్య నుంచి గోడ పట్టుకుని దిగి వెళ్లింది.

అత్తయ్య ఆయాసపడుతూ నా భుజం ఆసరా తీసుకుంది. ముఖం వెలిగిపోతోంది.

“చూశావా? తప్పు చేసింది కాబట్టే నోరు పెగల్లేదు.”

“చూశానత్తయ్యా” అన్నాను.